బ్యాక్‌స్పేస్ నొక్కని మల్లేశం

మా ముత్తాత వెంకట్ నర్సింహారెడ్డి నిజాం కాలంలో మా ఊరికి పోలీస్ పటేల్. ఊళ్లో తగాదా పుట్టినా, దొంగ దొరికినా ముందు ఆయన గడప దగ్గరికే రావాలి. ఆయన కొడుకు, మా తాత రాఘవరెడ్డి, మాలీ పటేల్. శిస్తు వసూలు ఆయన చేతి మీదుగా జరిగేది. తాత టేకు కుర్చీలో కూర్చునేవాడు, ఊరు ఎదురుగా నిలబడేది. మా నాన్న కాలానికి పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. పాశమైలారం వైపున్న భూమి కారఖానాల కింద పోయింది. మిగిలింది దాయాదుల కేసుల్లో సంగారెడ్డి కోర్టు చుట్టూ తిరిగి తిరిగి కరిగిపోయింది. నా వంతుకు వచ్చింది ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు, ఆ టేకు కుర్చీ. ఎవరి జాలి కోసమూ ఇది చెప్పడం లేదు. చెప్పబోయే సంగతిలో ఆ కుర్చీ ఉంది కాబట్టి చెబుతున్నాను.

2001లో నేను పటాన్‌చెరులో హైవే పక్కన ఒక హార్డ్‌వేర్ దుకాణం పై అంతస్తులో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను. సన్నటి హాలు. గోడ వెంట వరసగా కంప్యూటర్లు, ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో కుర్చీ. హాలు చివర నా టేబుల్, దాని వెనుక తాత కుర్చీ. దాని చేతులు ఎంత వెడల్పంటే, పక్క నుంచి నీళ్ల కుండ దగ్గరికి వెళ్లాలంటే ఒళ్లు పక్కకు తిప్పుకుని జారుకోవాలి. విద్యార్థులు సణిగేవారు. నేను వినిపించుకోలేదు. కింద దుకాణంలో ఇనుప పైపులు కోసే చప్పుడు, రోడ్డు మీద లారీల హారన్లు, కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ పెట్టే కీచు అరుపు. వీటి మధ్యే మా చదువు.

ఈ ప్రాంతంలో తరగతి నడపడం ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. ఈ వారం పొద్దుటి షిఫ్టులో ఉన్నవాడు వచ్చే వారం రాత్రి షిఫ్టులో ఉంటాడు. సోమవారం చెప్పింది విన్నవాడు బుధవారం రాడు. బుధవారం వచ్చినవాడు సోమవారం పాఠం వినలేదు. చెప్పిందే చెప్పి నా గొంతు పోయేది. విసిగిపోయి, ఎవరికి వారే చేసుకుంటూ నేర్చుకునే అభ్యాసాలు రాశాను. వెబ్ పేజీని హెచ్‌టీఎంఎల్ అనే భాషలో రాస్తారు. కోణపు గుర్తుల మధ్య పెట్టే చిన్న ఆజ్ఞను ట్యాగ్ అంటారు. ఇది శీర్షిక, ఇది పట్టిక, ఇక్కడ అక్షరం లావుగా ఉండాలి అని ట్యాగ్ చెబుతుంది. నోట్‌ప్యాడ్‌లో రాసినదాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే పేజీ కనబడుతుంది. నా అభ్యాసం అంటే ఒక కాగితం. పైన తయారు కావలసిన పేజీ బొమ్మ, కింద ఒక చిన్న సూచన. జవాబు ఎక్కడా ఉండదు. చేయాలి, తప్పితే తుడవాలి, మళ్లీ చేయాలి.

మొదటి అభ్యాసం సొంత పేరు, ఊరు. తర్వాత క్యాంటీన్‌లో వారం రోజుల వంటల జాబితా. ఆ తర్వాత పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి వెళ్లే బస్సుల పట్టిక. చివరిది షిఫ్టు మార్చమని కోరే ఫారం. హైదరాబాదులో అమ్మే పుస్తకాలు పిజ్జా దుకాణానికి పేజీ చేయమనేవి. మా దగ్గరికి వచ్చేవాళ్లకు పిజ్జా ఎక్కడిది? ఈ అభ్యాసాలంటే నాకు గర్వం, ఇప్పటికీ. వాటికి ఒకటే నియమం పెట్టాను. ఎవరి అభ్యాసం వాళ్లు ఒంటరిగా చేయాలి. చివరిదాకా అలా చేసినవాళ్ల సర్టిఫికెట్ మీదే నా సంతకం పడుతుంది.

మల్లేశం ఆ ఏడాది వానలు మొదలయ్యాక వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, పాశమైలారంలో ఒక మందుల కారఖానాలో ఆపరేటర్. వాళ్ల నాయన సాయిలు మా ఊళ్లో మస్కూరి, అంటే పటేల్ పిలుపులు ఇంటింటికీ చేరవేసే మనిషి. మల్లేశం తలుపు దగ్గర చెప్పులు విడిచి, నా టేబుల్ ముందుకు వచ్చి, తాత కుర్చీని ఒకసారి చూసి, చేతులు జోడించాడు.

"దండం పటేలా."

హాల్లో తలలన్నీ తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఊళ్లో ఆ పిలుపుకు ఒక బరువు ఉంది. పైపుల దుకాణం మీద, అద్దె హాల్లో అది నాటకంలో వేషంలాగా ఉంటుంది.

"ఇక్కడ సార్ అను," అన్నాను.

"అట్లనే పటేలా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. రెండు చేతులూ ముందుకు చాపాడు. మణికట్ల దాకా ఎర్రగా కమిలి, వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. పగుళ్ల మీద కొబ్బరినూనె మెరుస్తోంది.

"మా బ్లాకుల పౌడరు నాకు పడ్తలేదు సార్. సంగారెడ్డిల పెద్ద డాక్టర్‌కు సూపిచ్చిన. ఆడ పని జేసినన్ని దినాలు తగ్గదన్నడు."

"మరి మేనేజర్ ఏమన్నడు?"

"ఆఫీసుల ఒక్క జాగ ఉన్నదట. పని పద్ధతులన్ని కంప్యూటర్ల పేజీలు జేసి పెట్టాల్నట. నువ్వు ఇంటర్ సదివినవు గద, అది నేర్చుకొని, సర్టిఫికెట్ దెచ్చి, దసరా దాటినంక పరీక్షల పాసైతే ఆఫీసుల కూసో. లేకుంటె రాజీనామా పెట్టి పో అన్నడు. ఇద్దరు పోరగాండ్లు సార్ నాకు."

కారఖానా లోపలి కంప్యూటర్లలో మాత్రమే తెరుచుకునే అలాంటి పేజీలను ఇంట్రానెట్ అంటారు. పెద్ద విద్య కాదు. నా అభ్యాసాలు వరసగా చేస్తే ఎవరికైనా వస్తుంది. దసరాకు ఇంకా సమయం ఉంది. మొదటి కాగితం చేతికిచ్చి, కిటికీ పక్క కంప్యూటర్ చూపించాను.

సాయంత్రం నా టేబుల్ దగ్గరికి వచ్చి, "అయింది సార్, సూడుండ్రి," అన్నాడు. చూశాను. తెర మీద అతని పేరు ఉంది. దాని మీద అడ్డంగా గీత. దాని పక్కన మళ్లీ అతని పేరు, ఆ పక్కన రెండు పొట్టి అక్షరాలు, ఆనాటి తేదీ. ఊరి పేరు మీద కూడా గీత, మళ్లీ పొట్టి అక్షరాలు, మళ్లీ తేదీ.

"ఇదేంది?"

"పేరుల ఒక అక్షరం తప్పు పడ్డది సార్. కొట్టేసి, సంతకం బెట్టిన."

కొట్టివేత గీతకు హెచ్‌టీఎంఎల్‌లో స్ట్రైక్ అనే ట్యాగ్ ఉంది. దాన్ని నేను ఏ అభ్యాసంలోనూ పెట్టలేదు. శీర్షిక ఎలా పెట్టాలో ఇంకా రాని మనిషి, పక్కనున్న అమ్మాయిని అడిగి మరీ ఆ ట్యాగ్ నేర్చుకున్నాడు. ఆ అమ్మాయి సునీత. పటేల్‌గూడ నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థిని, చురుకైనది, నోరు అంతకన్నా చురుకు.

"తప్పు పడితే తుడిపెయ్యాలె," అన్నాను. "అదిగో, బ్యాక్‌స్పేస్. నొక్కు, పోతది."

మల్లేశం ఆ మీట వైపు చూశాడు. ముట్టుకోలేదు. "తుడుపొద్దు సార్. తుడిపితే మెమో ఇస్తరు."

అప్పుడు చెప్పాడు. మందుల కారఖానాలో ఒక విడత మందు తయారవుతున్నంత సేపూ బ్యాచ్ రికార్డు రాస్తారు. ఏ రసాయనం డ్రమ్మును ఎప్పుడు యంత్రంలోకి ఎక్కించారు, వేడి ఎంత, ఎవరు చేశారు అనేది అందులో ఉంటుంది. దాంట్లో తప్పు పడితే దిద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు, కాగితం మార్చకూడదు. ఒకే ఒక గీత కొట్టాలి, కింది అక్షరాలు కనబడాలి. పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. విదేశాల నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు ముందు వెతికేది తుడిచిన చోట్లనే అట. మల్లేశం పదేళ్లకు పైగా ఆ పని చేశాడు.

"బాగుంది," అన్నాను. "అది మందు. ఇది పేజీ. ఇక్కడ తుడుపు."

"అట్లనే సార్," అన్నాడు. తుడవలేదు.

ఇక నా పరేషాన్ మొదలైంది. క్యాంటీన్ జాబితాలో మంగళవారం పప్పు మీద గీత, బుధవారం గుడ్డు మీద గీత, ప్రతి గీత పక్కనా సంతకం. బస్సుల పట్టిక అయితే చూడలేకపోయాను. ఒక్కో గడిలో రెండు మూడు సమయాలు, వాటి మీద గీతలు. పట్టిక ఒక పక్కకు ఉబ్బి, తెర దాటి పోయింది. సునీత వంగి చూసి, "మల్లేశమన్నా, గిన్ని బస్సులు రద్దయినయా? మరి నేనింటికెట్ల పోవాలె?" అంది. హాలంతా నవ్వింది. మల్లేశం కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కంప్యూటర్ల వైపు చూస్తే ఇంకో చిరాకు. అతను కూర్చున్న చోట మీటలన్నీ నూనె జిడ్డు. ఒక గుడ్డ ఇచ్చి, లేచే ముందు తుడవమన్నాను. మీటలను మాత్రం శ్రద్ధగా తుడిచేవాడు.

అతని కోసమే ఒక కొత్త అభ్యాసం రాశాను. కావాలని తప్పులు నింపిన పేజీ ఇచ్చి, కింద పెద్ద అక్షరాలతో 'తప్పులన్నీ తుడిపివేయండి' అని రాశాను. పక్కనే నిలబడి, స్కేలుతో బ్యాక్‌స్పేస్ చూపించి, "నొక్కు," అన్నాను. అతను వేలు మీట దాకా తెచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"నొక్కినంక ఏం తప్పు జేసిన్నో రేపెట్ల తెలుస్తది సార్?"

"తెల్వద్దు. తుడిచేది అందుకే."

"తెల్వకుంటె మళ్ల జేస్త గద."

అన్నీ కళ్లముందే ఉంచుకుని కూడా అవే తప్పులు మళ్లీ చేస్తున్నావు కదా అన్నాను. అది నిజం. ట్యాగ్ తెరిచి మూయడం మరిచిపోవడం అతనికి రోజూ ఉన్నదే. కానీ ఆ మాట అతన్ని కదిలించలేదు. నేను ఇచ్చిన తప్పులన్నిటి మీద గీతలు కొట్టి, పొట్టి సంతకాలు పెట్టి, దించిన తలతో తెచ్చి చూపించాడు.

విసుగుతో నేనే ఒక మెట్టు దిగాను. కామెంట్ నేర్పించాను. కొన్ని గుర్తుల మధ్య రాసింది పేజీలో కనబడదు, కోడ్ తెరిచి చూసినవాడికే కనబడుతుంది. దాన్ని కామెంట్ అంటారు. తప్పయిన వాక్యాన్ని కామెంట్‌లో దాచుకో, పేజీ శుభ్రంగా ఉంటుంది అన్నాను. మల్లేశం ముఖం వెలిగిపోయింది. "గిది ముందుగాల ఎందుకు జెప్పలే సార్?" అన్నాడు, నేనే ఏదో దాచిపెట్టినట్టు. ఆ రోజు నుంచి పేజీలు చక్కగా వచ్చాయి. లోపల కోడ్ మాత్రం కొండవీటి చాంతాడు. ఒక వరస పని, పది వరసల పాత తప్పులు. పోనీలే, పరీక్ష పెట్టేవాళ్లు పేజీనే చూస్తారు కదా అని నేను ఊరట పడ్డాను.

ఆ ఊరట వారం కూడా నిలవలేదు. ఒక సాయంత్రం అతను నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, జెర వచ్చి సూడుండ్రి. శీర్షిక పెట్టిన."

"పూర్తయినంక పిలువు."

"పూర్తి కాలే సార్. శీర్షికే అయింది. మీరు సూస్తె పట్టిక షురూ జేస్త."

వెళ్లి చూశాను. కామెంట్‌లో 'డన్ బై' అని అతని పొట్టి సంతకం ఉంది. పక్కన 'చెక్డ్ బై' అని ఖాళీ. బ్యాచ్ రికార్డులో ప్రతి మెట్టుకూ రెండు సంతకాలు ఉంటాయట. చేసినవాడిది ఒకటి, పక్కన నిలబడి చూసినవాడిది ఒకటి. రెండోది పడేదాకా తర్వాతి మెట్టు ఎక్కకూడదు. తప్పులకు కామెంట్‌లో చోటు దొరికింది కాబట్టి, ఇప్పుడు ఆ రెండో సంతకం గుర్తొచ్చింది మా మహానుభావుడికి.

"మల్లేశం, ఈ కాగితం మీద ఏం రాసున్నది? ఎవరి అభ్యాసం వాళ్లు ఒంటరిగా చెయ్యాలె అని. నేను మీ అందరి పక్కన నిలబడాలంటే ఈ కాగితాలెందుకు రాసిన?"

"ఒక్కడు జేసింది చేసినట్టు గాదు సార్. రెండోవాడు సూస్తెనే."

నేను వెళ్లనన్నాను. అతను సునీతను పిలుచుకున్నాడు. ఆ అమ్మాయి తన పని ఆపి, లేచి వెళ్లి, అతని వెనుక నిలబడేది. హాల్లో రెండో కుర్చీ వేసే చోటు లేదు. "చెల్లె, గీ ట్యాగ్ మూసిన్నా?" "మూయలే అన్నా. మూయి." "గిప్పుడు?" "ఆఁ, మూసినవ్. ఇగ నన్ను పోనియ్యి, కాళ్లు గుంజుతున్నయ్." పావుగంట తిరక్కుండా మళ్లీ పిలుపు. సునీత ఒక రోజు నాతోనే అంది, "సార్, ఫీజు నేను గట్టాల్నా, నాకే మీరియ్యాల్నా?"

ఒక విషయం ఒప్పుకోవాలి. ఎవరైనా వెనుక నిలబడితే మల్లేశం పని బాగా చేసేవాడు. లింకులు, అంటే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే దారులు, మొదటిసారే సరిగ్గా పెట్టాడు. మనిషి పక్కకు తప్పుకుంటే చాలు, చేతులు ఒడిలో పెట్టుకుని, ఆగిపోయిన బస్సులో ప్రయాణికుడిలా కూర్చునేవాడు.

దసరా దగ్గరికి వచ్చింది. చివరి అభ్యాసం, షిఫ్టు మార్పు ఫారం, మిగిలింది. పేరు రాసే గడి, షిఫ్టు ఎంచుకునే గుండ్రటి గుర్తులు, కింద పంపే బటన్. మల్లేశం చేతులు అప్పటికి ఇంకా పాడయ్యాయి. సన్నటి నూలు తొడుగులు వేసుకుని టైప్ చేస్తున్నాడు.

"దీన్ని ఒంటరిగా చెయ్యి," అన్నాను. "చేస్తేనే సర్టిఫికెట్. మా ఇంట్లో ఎవ్వరూ చూడనిదాని మీద సంతకం పెట్టలేదు. నువ్వు ఒంటరిగా చేసినవని నేను రాయాలంటే, నువ్వు ఒంటరిగా చెయ్యాలె."

సునీత తన కుర్చీలోంచే తిరిగింది. "సార్, ఆయినకు వస్తది గద. నేను రోజు సూస్తున్న."

"నువ్వు చూస్తున్నవు కాబట్టే వస్తున్నది."

"అయితేంది సార్? మీ అభ్యాసాలు రాసినంక మీరు ఎవలికన్న సూపిచ్చిన్రా?"

నేను రాసినవి ఇంకొకరికి చూపించుకోవలసిన అవసరం నాకు ఎప్పుడూ కనబడలేదు. ఆదివారం రమ్మని మల్లేశానికి చెప్పాను. ఆ రోజు సెంటర్‌కు సెలవు, కింద దుకాణం కూడా మూత.

ఆదివారం వచ్చాడు. కాగితం చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి, నేను బయట మెట్ల మీద నిలబడ్డాను. హైవే మీద లారీలు పోతున్నాయి. మొదట్లో లోపలి నుంచి మీటల చప్పుడు వినబడింది. కాసేపటికి ఆగిపోయింది. మళ్లీ మొదలవుతుందని చూశాను. మొదలవలేదు. మెట్ల మీద ఎండ ఎక్కింది. ఇక ఆగలేక తలుపు తోసుకుని వెళ్లాను. తొడుగులు వేసుకున్న రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, తెర ముందు కూర్చుని ఉన్నాడు. ఫారం సగంలో ఉంది.

"ఏమైంది?"

"తప్పు వడ్డది సార్. సూడనీకి ఎవలు లేరు. ఆగిన."

నా ఓపిక అక్కడితో సరి. గొంతు పెంచాను. రోజుల తరబడి నేర్పింది దీనికోసమా అన్నాను. పరీక్ష గదిలో నీ వెనుక ఎవరు నిలబడతారు, పిల్లలు ఉన్నారన్న ధ్యాస ఉందా, ఒక మీట నొక్కడానికి ఇంత భయం ఏమిటి అన్నాను. అతను నా మాటలన్నీ అయిపోయేదాకా ఆగాడు.

"మా బ్లాకుల యాదగిరి అని ఉండె సార్. ఒక్కడే డ్రమ్ము ఎక్కిచ్చిండు. ఎక్కియ్యాల్సింది గాదు అది. పొగలొచ్చినయ్. కండ్లు వొయ్యినయ్ వానికి."

అతను ఒక చేతి తొడుగు సర్దుకున్నాడు.

"రెండోవాడు ఉండాలె ఆడ. ఆ రెండోవాణ్ని నేనే సార్. చాయ్‌కి పొయ్యిన. నువ్వెక్కియ్యి, నేనొచ్చి సంతకం బెడ్త అన్న."

నేను అన్నాను, "ఇది డ్రమ్ము కాదు మల్లేశం. ఇక్కడ పొగ రాదు."

"ఎరుకే సార్. నాకెరుకే. చేతులే ఇంటలేవు."

నేను తిరిగి నా టేబుల్ దగ్గరికి వెళ్లాను. తాత కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి అతని వీపు కనబడుతోంది, తెర కనబడదు. కుర్చీని అతని పక్కకు లాగుదామని చూశాను. దాని చేతుల వెడల్పుకు టేబుల్‌కూ గోడకూ మధ్య అది ఇరుక్కుంది, కదలలేదు. లాగాను. గోడ సున్నం రాలింది కానీ కుర్చీ రాలేదు. వదిలేసి, నడిచి వెళ్లి, అతని భుజం వెనుక నిలబడ్డాను.

మల్లేశం గబుక్కున లేచాడు. "మీరు నిలవడి నేను కూసునుడేంది సార్?"

"కూర్చో."

"వద్దు పటేలా, మా నాయన సూస్తె..."

"మీ నాయన ఇక్కడ లేడు, మా తాతా లేడు. ఫారం సగంలో ఉన్నది. కూర్చుని టైప్ చెయ్యి."

కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. తప్పయిన వరసను కామెంట్‌లో పెట్టాడు. సరైనది రాశాడు. వెనక్కి చూశాడు. "ఊఁ," అన్నాను. పేరు గడి అయింది, "ఊఁ." షిఫ్టుల గుండ్రటి గుర్తులు అయ్యాయి, "ఊఁ." ఒక చోట ట్యాగ్ మూయడం మరిచాడు. నేను దగ్గాను. చూసుకుని మూశాడు. బటన్ పెట్టి, బ్రౌజర్‌లో తెరిచాడు. నా కాగితం మీద బొమ్మ ఎలా ఉందో తెర మీద ఫారం అలాగే ఉంది. నా మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. రోజూ సునీత ఎలా నిలబడిందో అనిపించింది.

సర్టిఫికెట్ దగ్గర మళ్లీ చిక్కు. నా సర్టిఫికెట్లలో 'సొంతంగా పూర్తి చేశాడు' అని ఉంటుంది. అది రాయలేను, ఎందుకంటే నిజం కాదు. అతనికి పని రాదని కూడా రాయలేను, అదీ నిజం కాదు. చివరికి ఆ మాట తీసేసి, 'రెండో మనిషి చూస్తుండగా అన్ని అభ్యాసాలూ సరిగ్గా పూర్తి చేశాడు' అని ఇంగ్లీషులో టైప్ చేసి, సంతకం పెట్టాను. అలాంటి సర్టిఫికెట్ ఈ దేశంలో ఇంకెవరూ ఇచ్చి ఉండరు. ఇది చూస్తే పరీక్షకు కూడా కూర్చోనివ్వరేమో అని అతనితో ముందే చెప్పాను. మల్లేశం దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"సునీతమ్మ సంతకం గూడ పెడ్తె బాగుంటది గద సార్?"

పొమ్మన్నాను.

దసరా దాటింది. ఒక సాయంత్రం మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడు. మల్లేశం. చేతులకు తొడుగులు లేవు. చేతిలో జిలేబీ పొట్లం ఉంది.

"ఏమైంది?" నా కన్నా ముందు సునీత అడిగింది.

"ఆఫీసర్ సర్టిఫికెట్ సదివిండు సార్. నవ్విండు. ఇదేందయ్యా గిట్లుంది, ఒక్కనివి చెయ్యరాదా అన్నడు. రాదు సార్ అన్న."

"రాదు అన్నవా!" అన్నాను.

"నిజమే గద సార్. జెరసేపు నన్నే సూసిండు. ఇంకొకడు గూడ వచ్చిండు పరీక్షకు, గోదాముల పని జేసేటోడు. ఇద్దర్ని ఒక్క కంప్యూటర్ ముందట కూసోవెట్టిండు. ఒకనిది ఒకడు సూసుకుంట చెయ్యిండ్రి అన్నడు. ఇద్దరియి అయినయ్. నన్ను తీసుకున్నరు."

"మరి వాడు?"

"వాన్ని గూడ తీసుకున్నరు. ఒక్కని జాగల ఇద్దరం. జీతం పెరగలే గని, నీడకున్న సార్."

సునీత చప్పట్లు కొట్టింది. జిలేబీ అందరికీ పంచారు. నాకు ఇచ్చిన దాన్ని తిన్నాను. సంతోషించానా అంటే, సంతోషించాను. చిరాకు మాత్రం పోలేదు. నేను కట్టిన పద్ధతిని ఒక మనిషి చివరిదాకా పాటించకుండానే గట్టెక్కాడు.

అసలు ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. మల్లేశం ఆఫీసులో కూర్చున్నాడని తెలిసి, ఆ కారఖానా నుంచీ పక్క కారఖానాల నుంచీ ఆపరేటర్లు ఒకరి వెంట ఒకరు నా దగ్గరికి వచ్చారు. ఒక్కడూ బ్యాక్‌స్పేస్ ముట్టడు. ప్రతివాడూ మొదటి రోజే స్ట్రైక్ ట్యాగ్ అడుగుతాడు. శీర్షిక పెట్టగానే, "సార్, జెర సూడుండ్రి," అంటాడు. నేను ఎవరెవరి వెనుక నిలబడగలను?

కాగితాలన్నీ మళ్లీ రాశాను. ఒకడు టైప్ చేయాలి, ఒకడు పక్కన చూడాలి, సగంలో చోట్లు మారాలి. రాసిన తర్వాత సునీతకు ఇచ్చి చదవమన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా తీసుకుంది. ఆమె ఏమీ అనకపోవడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. ఈ వృత్తిలో నాకు మల్లేశం వల్ల తెలిసింది ఇంతే. కొత్త పని నేర్చుకోవడానికి వచ్చేవాడు పాత పని చేసిన చేతులతోనే వస్తాడు. ఆ చేతులను తలుపు బయట చెప్పులతో పాటు విడిచి రమ్మంటే కుదరదు. పాఠం రాసేవాడు ఎంత నిటారుగా కూర్చున్నా కుదరదు.

ఇద్దరిద్దరు కూర్చోవాలంటే హాల్లో చోటు కావాలి. ఆ చలికాలంలో హైదరాబాదు నుంచి పాత సామాన్లు కొనేవాణ్ని పిలిపించి, తాత టేకు కుర్చీ అమ్మి, ప్లాస్టిక్ స్టూళ్లు కొన్నాను.